నల్ల చుక్క ఏం చెబుతుంది: నాటిన కాలేయ కణాల జాడను ఎంఆర్ఐలో పట్టే పద్ధతి

కాలేయ కణాలను పోర్టల్ సిర (పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే నాళం)లోకో ప్లీహంలోకో ఎక్కించాక అవి ఎక్కడ ఆగాయి, ఎన్ని ఆగాయి అన్నది రక్త పరీక్షలో కనపడదు. కణాల లోపల ఐరన్ ఆక్సైడ్ నలుసులు నింపి పంపితే, అవి ఆగిన చోట ఎంఆర్ఐలో నల్ల చుక్క పడుతుంది. పద్ధతి సారం ఇంతే. కానీ ఆ చుక్క ఇనుము ఎక్కడుందో మాత్రమే చెబుతుంది. కణం బతికుందో లేదో చెప్పదు. పాలమూరు గొల్లకురుమలు తమ జీవాలను గుర్తుపట్టడానికి ఉన్ని మీద రంగు పూస్తారు. గొర్రె చచ్చినా తోలు మీద ఆ రంగు అట్లనే ఉంటుంది. కణంలోకి ఎక్కించిన ఇనుమూ అంతే. కింద చెప్పే ప్రతి మెట్టులో కంట్రోల్‌ల (పోల్చి చూసే గుంపుల) గురించి పదే పదే రాయడానికి కారణం ఇదే.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు మెడికల్ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఈ పని మొదలుపెట్టాలనుకునే పీజీలు, పరిశోధకుల కోసం ఇది రాస్తున్నాం. జంతువుల కోసమే చేసిన 7 టెస్లా స్కానర్ చేతిలో లేదని, మనుషులకు వాడే 1.5 లేదా 3 టెస్లా యంత్రంతోనే పని జరగాలని లెక్కవేసుకుని రాశాం. ఎలుకల మీద ఇది సాధ్యమే. చిట్టెలుకల్లో మాత్రం ఈ యంత్రాలతో కష్టం, కాలేయం మరీ చిన్నది.

ఈ రంగానికి మన దగ్గర పాత చరిత్రే ఉంది. హైదరాబాద్‌లో డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం కాలేయం ఒక్కసారిగా చెడిపోయిన రోగులకు పిండపు కాలేయ కణాలు ఎక్కించి, 1994లో ఆ ఫలితాలు ప్రచురించింది. 1998లో అమెరికాలో క్రిగ్లర్-నజ్జర్ జబ్బు (పుట్టుకతోనే కాలేయం బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని వదిలించుకోలేకపోవడం) ఉన్న పదేళ్ల అమ్మాయికి పోర్టల్ సిర ద్వారా 750 కోట్ల కణాలు ఎక్కించారు. అవి పనిచేస్తున్నాయని బిలిరుబిన్ తగ్గడాన్ని, పైత్యరసంలో వచ్చిన మార్పును బట్టి తేల్చారు. కణాలు పనిచేస్తున్నాయనడానికి అలాంటి సాక్ష్యమే అసలు సాక్ష్యం. ఎంఆర్ఐ దానికి తోడు నిలుస్తుంది, దాని స్థానంలోకి రాదు.

మొదలుపెట్టే ముందు

జంతువుల నైతిక కమిటీ అనుమతి పత్రంలో మూడు విషయాలు విడివిడిగా రాయాలి: కణాలు ఇచ్చే ఎలుకలు ఎన్ని, తీసుకునేవి ఎన్ని, జంతువును మనుషుల స్కానర్‌లో పెట్టడం. మూడోదాన్ని మర్చిపోతే పని సగంలో ఆగుతుంది. రేడియాలజీ విభాగంతో రాతపూర్వకంగా మాట్లాడుకుని, రోగుల స్కాన్‌లు అయిపోయాక రాత్రిపూట సమయం తీసుకోండి. కాయిల్ (సిగ్నల్ పట్టే భాగం) మీద, బల్ల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, పని అయ్యాక క్రిమిసంహారకంతో తుడిచి అప్పగించాలి.

ఏ జాతి ఎలుక వాడతారన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. డీపీపీ-4 ఎంజైము లేని ఫిషర్ 344 ఎలుకలకు, ఆ ఎంజైము ఉన్న మామూలు ఫిషర్ ఎలుకల కణాలు నాటితే, తర్వాత కణజాలంలో నాటినవి ఏవో రంగుతో ఖచ్చితంగా తేలిపోతాయి. గన్ ఎలుకలైతే పుట్టుకతోనే బిలిరుబిన్ ఎక్కువ, అది తగ్గడమే కొలమానం అవుతుంది. ఇవేవీ దొరక్కపోతే మగ ఎలుక కణాలను ఆడ ఎలుకకు నాటి, వై క్రోమోజోమ్ వెతకండి. రెండు ఎలుకలూ తమలో తాము జతకట్టించి పెంచిన ఒకే వంశానివి (ఇన్‌బ్రెడ్) కావాలి, లేకపోతే నాటిన కణాలను రోగనిరోధక వ్యవస్థ తరిమేస్తుంది. ఇలాంటి రెండో గుర్తు ఏదీ లేకుండా, ఇనుము ఒక్కదాన్నే నమ్ముకుని ప్రయోగం మొదలుపెట్టవద్దు.

కణాలు తీయడం

కాలేయంలోకి బఫర్ పంపి, కణాలను పట్టి ఉంచే కొలాజెన్‌ను కొలాజినేజ్ ఎంజైముతో కరిగించే రెండు మెట్ల పద్ధతి అందరికీ తెలిసిందే కాబట్టి చెడిపోయే చోట్లే చెబుతాం. 250 గ్రాముల ఎలుకకు మొదట కాల్షియం లేని బఫర్, అందులో 0.5 మిల్లీమోలార్ ఈజీటీఏ, నిమిషానికి 25 నుంచి 30 మిల్లీలీటర్ల చొప్పున 8 నుంచి 10 నిమిషాలు. తర్వాత 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ ఉన్న బఫర్‌లో మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాముల కొలాజినేజ్, మరో 8 నుంచి 12 నిమిషాలు. నడుమ ఈజీటీఏ లేని బఫర్‌తో ఒక నిమిషం కడగాలి. కడగకపోతే మిగిలిన ఈజీటీఏ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, కాల్షియం లేనిదే కొలాజినేజ్ పనిచేయదు. కాలేయం ఎంతసేపటికీ మెత్తబడలేదంటే మొదటి అనుమానం ఇదే.

రెండో అనుమానం వేడి. వాటర్‌బాత్‌లో 37 డిగ్రీలు ఉన్నా, ఏసీ గదిలో గొట్టం గుండా వచ్చేసరికి బఫర్ చల్లారిపోతుంది. థర్మామీటరు సూది చివర పెట్టి చూడండి, అక్కడ 37 రావాలంటే వాటర్‌బాత్‌ను 41, 42 దగ్గర పెట్టాల్సి వస్తుంది. ఇక గొట్టంలో గాలిబుడగ పోతే ఒక తమ్మె (కాలేయపు ఒక భాగం) మొత్తం ఎర్రగానే మిగిలిపోతుంది. మిగతాది పాలిపోయి ఒక తమ్మె మాత్రం ఎర్రగా ఉంటే దాన్ని కత్తిరించి పక్కన పెట్టండి, కలిపితే చచ్చిన కణాలు ఎక్కువవుతాయి.

కాలేయం మీద వేలు ఆనిస్తే నొక్కు అట్లనే నిలిచిపోయి, పైపొర కింద పగుళ్లు కనపడితే ఆపేయాలి. చల్లని మాధ్యమంలో పొరను చీల్చి మెల్లగా ఆడిస్తే కణాలు మబ్బులా విడిపోతాయి. 100, తర్వాత 70 మైక్రాన్ల జాలీ గుండా వడగట్టి, సెంట్రిఫ్యూజ్‌లో 50 జీ వద్ద 3 నిమిషాల చొప్పున మూడుసార్లు తిప్పండి. కాలేయ కణాలు బరువైనవి, ఆ కొద్ది వేగానికే అడుగున చేరతాయి. కుప్ఫర్ కణాలు (కాలేయంలో ఉంటూ చెత్తను మింగే రక్షక కణాలు), రక్త కణాలు పై తేటలో పోతాయి. ఈ కడుగుళ్లలో బద్ధకం పనికిరాదు. కుప్ఫర్ కణాలు మిగిలితే, తర్వాత ఇనుమును అన్నిటికన్నా ముందు మింగేవి అవే.

ట్రిపాన్ బ్లూ పరీక్షలో (చచ్చిన కణాలకే అంటే నీలి రంగు) బతికున్నవి 85 శాతం దాటాలి. తక్కువైతే పర్కాల్‌తో శుద్ధి చేయండి. అప్పటికీ 80 కింద ఉంటే ఆ రోజు నాటడం మానేయండి. నాటాక చచ్చిపోయే ప్రతి కణం తన ఇనుమును కుప్ఫర్ కణానికి అప్పజెబుతుంది, అది అబద్ధపు చుక్క అవుతుంది.

నీళ్ల గురించి ఒక మాట. నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడు, కాఠిన్యం సంగతి ఈ ప్రాంతంలో చెప్పనక్కర్లేదు. ఆర్ఓ వడపోత ఉన్నా సరే, బఫర్లకు అతిశుద్ధ జలమే వాడండి. వాహకత మీటరు చూసి, 18 మెగాఓమ్ దగ్గర లేకపోతే కార్ట్రిడ్జ్ మార్చండి. ఇక్కడి నీటితో కార్ట్రిడ్జ్ త్వరగా నిండిపోతుంది.

ఇనుము ఎక్కించడం

ఒకప్పుడు అందరూ వాడిన ఫెరిడెక్స్ ఇప్పుడు మార్కెట్లో లేదు. మిగిలినవి రెండు దారులు. రక్తహీనతకు ఇచ్చే ఫెరుమాక్సిటాల్ ఒకటి, పరిశోధన కోసం అమ్మే మైక్రాన్ సైజు గుళ్లు ఇంకొకటి. మైక్రాన్ గుళ్లతో ఒక్కో కణాన్ని కూడా చూడొచ్చు. గుళ్లు నింపిన కాలేయ కణాలను చిట్టెలుక ప్లీహంలోకి ఎక్కించి, కాలేయంలో ఒంటరి కణాలను చూపించిన పని 2006లోనే వచ్చింది. కానీ ఆ గుళ్ల పైపూత పాలిస్టైరీన్ లాంటి ప్లాస్టిక్, ఒంట్లో కరగదు. రేపు మనుషుల దాకా తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఫెరుమాక్సిటాల్‌తోనే అలవాటు పడడం మంచిదని మా అభిప్రాయం.

ఫెరుమాక్సిటాల్‌ను ఒంటరిగా ఇస్తే కణాలు పెద్దగా తీసుకోవు. ఆ నలుసు చిన్నది, పైపూత దాన్ని కణానికి అంటనీయదు. హెపారిన్, ప్రోటమైన్‌లతో కలిపితే విద్యుదావేశాల వల్ల మూడూ కూడుకుని చిన్న గుత్తులవుతాయి, వాటిని కణం మింగుతుంది. సీరం లేని మాధ్యమంలో మిల్లీలీటరుకు హెపారిన్ 2 యూనిట్లు, ప్రోటమైన్ 60 మైక్రోగ్రాములు, ఇనుము 50 మైక్రోగ్రాములు రావాలి. 10 మిల్లీలీటర్లకు చేతి లెక్క ఇది:

- మిల్లీలీటరుకు 1000 యూనిట్ల హెపారిన్ సీసా నుంచి 20 మైక్రోలీటర్లు
- మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల ప్రోటమైన్ నుంచి 60 మైక్రోలీటర్లు
- మిల్లీలీటరుకు 30 మిల్లీగ్రాముల ఇనుమున్న ఫెరుమాక్సిటాల్ నుంచి 16.7 మైక్రోలీటర్లు

హెపారిన్ సీసా మీద బలం రెండుసార్లు చదవండి. 1000 యూనిట్లది, 5000 యూనిట్లది చూడటానికి ఒకేలా ఉంటాయి. 5000ది అయితే 4 మైక్రోలీటర్లే వేయాలి. హెపారిన్ ఎక్కువైతే ప్రోటమైన్ మొత్తం దానికే చుట్టుకుని ఇనుము విడిగా మిగులుతుంది. ప్రోటమైన్ ఎక్కువైతే అడుగున గోధుమరంగు మడ్డి కనపడుతుంది, ఆ మిశ్రమాన్ని పారబోయండి. సీరంలోని ప్రొటీన్లు గుత్తులకు ముందే అంటుకుంటాయి కనుక ఈ దశలో సీరం ఒక్క చుక్క కూడా ఉండకూడదు.

కణాలు మిల్లీలీటరుకు 10 లక్షల చొప్పున కలపండి. అప్పుడు ఒక్కో కణం వాటాకు 50 పికోగ్రాముల ఇనుము వస్తుంది. సమయం కలిసొస్తుందని అదే మాధ్యమంలో 50 లక్షలు కుక్కితే వాటా 10కి పడిపోతుంది, ఆపైన కణాలకు ఊపిరీ ఆడదు.

ఎంతసేపు అన్నదే ఇక్కడ కష్టమైన నిర్ణయం. కొలాజెన్ పూసిన పళ్లేల్లో కణాలను అంటించి రాత్రంతా ఉంచితే ఇనుము బాగా ఎక్కుతుంది. కానీ అంటుకున్న కాలేయ కణాన్ని మళ్లీ ఊడదీయడంలో చాలా చచ్చిపోతాయి. నాటడానికైతే ద్రావణంలోనే, 37 డిగ్రీల దగ్గర, ఊయల ఊపినట్టు నెమ్మదిగా ఊపుతూ గంట నుంచి రెండు గంటలు ఉంచడమే మేలు. ఇనుము కొంత తక్కువ ఎక్కినా, బతికున్న కణమే మనకు కావాలి. ఫ్లాస్కును పడుకోబెట్టి ద్రవం పలుచగా పరుచుకునేట్టు ఉంచితే ఆక్సిజన్ అందుతుంది.

తర్వాత, మిల్లీలీటరుకు 10 యూనిట్ల హెపారిన్ కలిపిన ఫాస్ఫేట్ బఫర్‌తో మూడుసార్లు కడిగి, ప్రతిసారీ 50 జీ వద్దే తిప్పండి. కణం బయట అంటుకున్న గుత్తులను హెపారిన్ విడదీస్తుంది. ఈ కడుగుడు సరిగా జరగకపోతే ఆ ఇనుము నేరుగా కుప్ఫర్ కణాలకు చేరుతుంది.

ఎంత ఎక్కిందో తేల్చడం

రెండు పరీక్షలు తప్పవు. ఒకటి పెర్ల్స్ రంగు. కొన్ని కణాలను స్లైడు మీద పరిచి, 2 శాతం పొటాషియం ఫెర్రోసయనైడ్, 2 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం సమపాళ్లలో అప్పటికప్పుడు కలిపి 20 నిమిషాలు ఉంచితే ఇనుము నీలంగా కనపడుతుంది. నీలం కేంద్రకం చుట్టూ చిన్నచిన్న చుక్కలుగా ఉంటే లోపల ఉన్నట్టు. కణం అంచున ఉంగరంలా ఉంటే బయట అంటుకున్నట్టు, మళ్లీ కడగాలి.

రెండోది ఫెరోజిన్ కొలత. 10 లక్షల కణాలను ఆమ్లంలో కరిగించి, ఆస్కార్బిక్ ఆమ్లంతో ఇనుమును ఫెర్రస్ రూపంలోకి మార్చి, 562 నానోమీటర్ల దగ్గర చదవండి. ఇనుము ఎక్కించని అదే కణాలను కూడా తప్పకుండా కొలిచి తీసేయాలి. కాలేయ కణంలో సొంత ఫెర్రిటిన్ ఇనుము ఉంటుంది, మిగతా కణాలకు వాడే లెక్క ఇక్కడ సరిపోదు. తేడా కణానికి 10 నుంచి 20 పికోగ్రాములు వస్తే సంతోషించవచ్చు. గాజు సామాను ఆమ్లంతో కడగకపోతే గ్లాసుకు పట్టిన తుప్పే ఫలితం అవుతుంది.

ఎలుకలోకి వెళ్లేముందు అగరోజ్ నమూనాతో యంత్రాన్ని పరీక్షించండి. 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో స్థిరపరచిన కణాలను 1 శాతం అగరోజ్‌లో మిల్లీలీటరుకు 10 వేలు, 50 వేలు, లక్ష, 5 లక్షల చొప్పున కలిపి గొట్టాల్లో పోయండి. కణాల్లేని గొట్టం ఒకటి, ఇనుము లేని కణాల గొట్టం ఒకటి. అన్నిటినీ నీళ్లు నింపిన ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి స్కాన్ చేయాలి. ఇక్కడ అందరూ మోసపోయేది గాలిబుడగ దగ్గర. బుడగ కూడా అచ్చం ఇనుములాగే నల్లగా, ఎకో సమయం (పల్సు తర్వాత సిగ్నల్ చదివేదాకా ఆగే వ్యవధి) పెరిగేకొద్దీ ఉబ్బుతూ కనపడుతుంది. ఫేజ్ బొమ్మలో కూడా గాలి, ఇనుము ఒకే దిక్కు చూపిస్తాయి కాబట్టి అదీ కాపాడదు. అగరోజ్‌ను మరిగించాక వాక్యూమ్‌లో గాలి తీసేసి, పిపెట్ చివర ద్రవంలో ముంచే ఉంచి, గొట్టం అడుగు నుంచి పైకి నింపుకుంటూ రండి. కణాల్లేని గొట్టంలో ఒక్క చుక్క కనపడినా ఆ వరస మొత్తం మళ్లీ పోయాలి.

కణాలను తీసుకుపోవడం, నాటడం

హైదరాబాద్‌లో కణాలు తీసి నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో నాటాల్సి వస్తే రెండు గంటల ప్రయాణం లెక్కవేయాలి. ఇనుము ఎక్కించే పని కణాలు తీసిన చోటే ముగించండి. దారి తర్వాత మళ్లీ 37 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచితే కణాలు తట్టుకోవు. యూడబ్ల్యూ ద్రావణంలో (అవయవాలను చల్లగా భద్రపరిచే ద్రవం), 4 డిగ్రీల దగ్గర, పడుకోబెట్టిన ఫ్లాస్కులో పలుచని పొరగా తీసుకుపోవాలి. గొట్టంలో నిలబెడితే కణాలు అడుగున గట్టి ముద్దగా దిగి ఊపిరాడక పోతాయి. ఐసుగడ్డ ఫ్లాస్కుకు తగలకుండా నడుమ మడతపెట్టిన గుడ్డ వేయండి. ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోవడమే తెలివి. చేరాక బతికున్న శాతం మళ్లీ లెక్కపెట్టి, ఆ అంకెనే నాటిన సంఖ్యకు ఆధారం చేసుకోండి.

ఎలుకకు 1 కోటి కణాలు, 0.5 మిల్లీలీటరులో, ప్లీహం కింది కొసలోకి. 2 కోట్లు దాటవద్దు. కాలేయ కణం అడ్డంగా 20 నుంచి 30 మైక్రాన్లు ఉంటుంది, సైనుసాయిడ్ (కాలేయంలోని సన్న రక్తనాళం) దారి అంతకన్నా ఇరుకు. చెరువు తూముకు గుర్రపుడెక్క అడ్డం పడ్డట్టు కణాలు చిన్న పోర్టల్ కొమ్మల్లో ఆగి పోర్టల్ పీడనం పెరుగుతుంది. ఎక్కువ కణాలు, వేగంగా ఎక్కిస్తే ఎలుక బల్ల మీదే పోతుంది. 24 లేదా 26 గేజ్ సూదితో, ఒక నిమిషానికి పైగా సమయం తీసుకుని ఎక్కించాలి. సన్న సూదిలో కణాలు నలుగుతాయి. సిరంజిలో కణాలు రెండు మూడు నిమిషాల్లోనే దిగిపోతాయి కాబట్టి ఎక్కించే ముందు సిరంజిని మెల్లగా తిరగేసి కలపండి. సూది తీయకముందే దాని చుట్టూ దారం ముడి సిద్ధంగా ఉంచి, తీయగానే బిగించండి. పొట్ట మూయడానికి స్టీలు క్లిప్పులు వాడితే ఆ ఎలుక స్కాన్‌కు పనికిరాదు, సిల్కు దారమే వాడండి. చెవికి వేసిన లోహపు ట్యాగు ఉంటే తీసేసి తోక మీద గుర్తు పెట్టండి.

గుంపులు ఐదు కావాలి: ఇనుము ఎక్కిన బతికున్న కణాలు, ఇనుము లేని కణాలు, ఇనుము ఎక్కించాక ద్రవ నత్రజనిలో మూడుసార్లు గడ్డకట్టించి కరిగించి చంపిన కణాలు, కణాల్లేని ఒట్టి ఇనుము, ఒట్టి సెలైన్. ఒట్టి ఇనుము ఎంతంటే, కణానికి 15 పికోగ్రాములు, 1 కోటి కణాలు అంటే 150 మైక్రోగ్రాములు. చంపిన కణాల గుంపును ఖర్చని వదిలేసేవాళ్లు ఉన్నారు. ఈ ఐదింటిలో మేమైతే దాన్ని అన్నిటికన్నా చివర వదులుకుంటాం.

స్కాన్

స్కాన్‌కు ఆరు గంటల ముందు నుంచి మేత తీసేసి నీళ్లు మాత్రమే ఇవ్వండి. ఎలుకల మేత గుళికల్లో కలిపే ఇనుము, మాంగనీసు వంటి ఖనిజాలు జీర్ణాశయంలో నలుపు, తెలుపు మచ్చలు తెస్తాయి. పక్కనే ఉన్న ఎడమ తమ్మె బొమ్మ చెడుతుంది. మత్తుకు ఐసోఫ్లూరేన్ 3 నుంచి 4 శాతంతో మొదలుపెట్టి 1.5 నుంచి 2కు తగ్గించి, ఊపిరి నిమిషానికి 40, 50 మధ్య నిలిచేట్టు చూడండి. మత్తు యంత్రం, సిలిండరు, స్టీలు పంజరం, కత్తెర ఏవీ స్కానర్ గదిలోకి రాకూడదు. పొడవాటి గొట్టం ఒక్కటే లోపలికి. ఆ గది చలికి ఎలుక త్వరగా చల్లబడుతుంది, గ్లోవ్స్‌లో గోరువెచ్చని నీళ్లు నింపి రెండు పక్కలా పెట్టండి.

మణికట్టు స్కాన్‌కు వాడే కాయిల్ ఎలుక పొట్టకు సరిగ్గా సరిపోతుంది. 3 టెస్లాలో మొదలుపెట్టడానికి మంచి కొలతలు ఇవి: బహుళ ఎకోల గ్రేడియంట్ ఎకో, టీఆర్ (రెండు పల్సుల మధ్య వ్యవధి) 400 మిల్లీసెకన్లు, ఎకోలు 2.5 నుంచి 25 మిల్లీసెకన్ల దాకా 6 లేదా 8, ఫ్లిప్ కోణం 30 డిగ్రీలు, చూపు వెడల్పు 60 మిల్లీమీటర్లు, మ్యాట్రిక్స్ 192, స్లైస్ మందం 1.5 మిల్లీమీటర్లు, సగటు 4 సార్లు. ఒక్కో వరస 5 నిమిషాలకు కొంచెం పైన పడుతుంది. పిక్సెల్ సైజు 0.31 మిల్లీమీటర్లు. ఈ టీఆర్‌లో 13 స్లైసులే పడతాయి, అంటే 2 సెంటీమీటర్లు. కాలేయం మొత్తానికి రెండు వరసలు కావాలి. 1.5 టెస్లాలో చుక్కలు చిన్నగా, మసకగా వస్తాయి. చివరి ఎకోను 40 దాకా లాగి, సగటు పెంచండి. వీటికి తోడు మామూలు టీ2 బొమ్మ ఒకటి, ఎముక గుర్తులతో సరిపోల్చడానికి.

నాటడానికి ముందు తీసిన స్కాన్ లేకుండా తర్వాత తీసినవి దేనికీ పనికిరావు. ఆ తర్వాత 3 గంటలకు, 24 గంటలకు, 3, 7, 14, 28 రోజులకు తీయండి. ప్రతిసారీ అదే కాయిల్, అదే పడక, అదే కొలతలు. 24 గంటల స్కాన్‌ను ఏ కారణంతోనూ జారనీయవద్దు. నాటిన కణాల్లో ఎక్కువ భాగం చచ్చిపోయేది మొదటి రోజులోనే. మిగిలినవి ఆ కాసేపట్లోనే సైనుసాయిడ్ గోడ దాటి కాలేయ కణాల వరసలోకి చేరడం మొదలుపెడతాయి.

బొమ్మ చదవడం

మంచి ఫలితం ఎలా ఉంటుందంటే, ప్లీహంలో సూది దిగిన చోట పెద్ద నల్ల మచ్చ, కాలేయంలో అక్కడక్కడా సజ్జగింజలు చల్లినట్టు చుక్కలు. అలా చుక్కలుగా ఉందంటే కణాలు గుంపులుగా ఆగాయని. అలా కాక కాలేయం అంతా ఒకే తీరుగా నల్లబడితే అది ఇష్టపడాల్సిన ఫలితం కాదు. కడగడంలో మిగిలిన ఒట్టి ఇనుమునో, చచ్చిన కణాల ఇనుమునో కుప్ఫర్ కణాలు పంచుకున్నాయన్నమాట. ఒట్టి ఇనుము గుంపు బొమ్మను పక్కన పెట్టి చూస్తే ఆ పోలిక తెలిసిపోతుంది. కాలేయం సొంత ఇనుము మనం పంపిన 150 మైక్రోగ్రాముల కన్నా ఎక్కువే. కానీ అది అంతటా పరుచుకుని ఉంటుంది, మనది ముద్దగా ఉంటుంది. మన కంటికి చిక్కేది ఆ ముద్దే.

రక్తనాళం అడ్డకోత కూడా నల్ల చుక్కలా వస్తుంది. పక్క స్లైసుల్లోకి వెళ్లి చూస్తే నాళం గీతలా సాగుతుంది, ఇనుము చుక్క ఒకటి రెండు స్లైసుల్లో మాయమవుతుంది. ఎకో సమయం పెంచితే ఇనుము చుక్క ఉబ్బుతుంది, నాళం అంతగా ఉబ్బదు. ఈ ఉబ్బు వల్లే చుక్క సైజును కణాల సంఖ్యగా మార్చకూడదు. ఒక చుక్కలో ఒక గుంపు ఉండొచ్చు, పక్కపక్కనే ఉన్న మూడు గుంపులు కలిసిపోయి ఉండొచ్చు.

అంకె కావాలంటే ఆర్2 స్టార్ పటం (సిగ్నల్ ఎంత వేగంగా పడిపోతుందో చూపేది, ఇనుము ఎక్కువైతే అంకె పెరుగుతుంది) వేయండి. దీర్ఘ ఎకోల్లో సిగ్నల్ నాయిస్ మట్టానికి పడిపోయిన బిందువులను వదిలేసి ఫిట్ చేయాలి. వాటిని కలిపితే బాగా నల్లబడ్డ చోటే ఇనుము తక్కువున్నట్టు లెక్క వస్తుంది.

సిగ్నల్ తగ్గిందంటే కణాలు పోయాయనీ కాదు. కణం రెండుగా చీలితే ఇనుము సగం సగం పంచుకుంటుంది. 15 పికోగ్రాములు 7.5 అయి, తర్వాత 3.75 అవుతుంది. పెద్ద ఎలుక కాలేయంలో కణాలు మామూలుగా అరుదుగానే చీలుతాయి. కానీ కాలేయంలో కొంత కోసి తీసిన ప్రయోగమైతే మిగిలిన కణాలు చీలి పెరుగుతాయి, చుక్కలు వెలిసిపోవడం మంచికే కావచ్చు.

కణజాలంతో సరిచూడటం

7వ, 28వ రోజు కొన్ని ఎలుకల కాలేయం తీసి, స్కాన్ స్లైసుల దిక్కులోనే కోయండి. సగం 10 శాతం న్యూట్రల్ ఫార్మలిన్‌లో, సగం గడ్డకట్టించి. బఫర్ లేని ఫార్మలిన్ ఆమ్లంగా మారి ఇనుమును కరిగించుకుపోతుంది. పెర్ల్స్ రంగుకు కుళాయి నీళ్లు, బోరు నీళ్లు తగలనీయవద్దు. నీటిలోని ఇనుమే కణజాలం మీద నీలి పొడిలా పడుతుంది. ఆ నీలం కణం లోపల కాక, స్లైడు ఖాళీ చోట కూడా కనపడితే నీళ్లదే తప్పు.

ఒకే కోతలో పెర్ల్స్, డీపీపీ-4 రంగు, కుప్ఫర్ కణాలను చూపే సీడీ68 మూడూ చూడాలి. నీలం ఉన్న కణాల్లో ఎన్ని డీపీపీ-4 ఉన్నవి, ఎన్ని సీడీ68 ఉన్నవి అని లెక్కపెట్టండి. మీ ఎంఆర్ఐ చుక్కల్లో ఎంత నిజమో ఆ నిష్పత్తే చెబుతుంది. చంపిన కణాల గుంపులోనూ 7వ రోజున చుక్కలు కనపడటం, అక్కడ నీలమంతా సీడీ68 కణాల్లోనే ఉండటం చూస్తే ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామో అర్థమవుతుంది.

బతికున్న కణాన్నే చూపే ఇంకో దారి

బతికున్న కాలేయ కణానికి, ఎంఆర్ఐలో కాలేయాన్ని వెలిగించే మందు గడాక్సెటేట్‌ను లోపలికి లాక్కునే వాహక ప్రొటీను సహజంగానే ఉంటుంది. చచ్చిన కణం లాక్కోలేదు. అందువల్ల ఏ ముద్రా వేయకుండానే టీ1 బొమ్మలో అది తెల్లగా వెలుగుతుంది. కాలేయం లోపల నాటితే చుట్టూ ఉన్న కణాలూ వెలుగుతాయి కనుక ఉపయోగం లేదు. ప్లీహంలో, పొట్ట పొరల్లో, మూత్రపిండం పైపొర కింద నాటితే మాత్రం ఇది చాలా పనికొస్తుంది. మోతాదు కిలోకు 0.025 మిల్లీమోల్. సీసాలో మిల్లీలీటరుకు 0.25 మిల్లీమోల్ ఉంటుంది కాబట్టి 250 గ్రాముల ఎలుకకు 25 మైక్రోలీటర్లు. దాన్ని సెలైన్‌తో పదింతలు చేసి 0.25 మిల్లీలీటరుగా తోక సిరలో ఇవ్వండి. మందు ఇవ్వకముందు ఒక బొమ్మ, ఇచ్చాక 10, 20 నిమిషాలకు ఒక్కొక్కటి తీయండి. ఇనుము ఎక్కించిన కణాల మీద ఇది చేయవద్దు, ఇనుము నలుపు ఈ వెలుగును మింగేస్తుంది.

మనుషుల విషయంలో

కణాలకు ఫెరుమాక్సిటాల్ ఎక్కించి మనిషికి నాటడం ఆ మందుకు ఆమోదం ఉన్న వాడకం కాదు. 2019 కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల కింద కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ అనుమతి, నైతిక కమిటీ, ట్రయల్ నమోదు అన్నీ కావాలి. ఇనుము మోతాదు మాత్రం భయపడేంత కాదు. 100 కోట్ల కణాలకు, కణానికి 15 పికోగ్రాముల చొప్పున, మొత్తం 15 మిల్లీగ్రాములే. రక్తహీనతకు ఒక్కసారి ఇచ్చే డోసులో 510 మిల్లీగ్రాములు ఉంటాయి.

తలసీమియా, పదేపదే రక్తం ఎక్కించుకున్నవాళ్లు, సిర్రోసిస్ గడ్డల్లో ఇనుము చేరినవాళ్లకు ఈ పద్ధతి సరిపోదు. నేపథ్యమే నల్లగా ఉన్నప్పుడు చుక్క కనపడదు. డబ్బు తీసుకుని మూలకణాలు ఎక్కించి, నల్ల చుక్కలున్న ఎంఆర్ఐ బొమ్మ చూపి మీ కాలేయం బాగుపడిందని ఎవరైనా చెబితే, కణాలు ఎక్కించకముందు తీసిన స్కాన్ ఏది, బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు కొలత) ఎంత మారాయి అని అడగమని రోగి ఇంటివాళ్లకు చెప్పండి.

సిర ద్వారా ఫెరుమాక్సిటాల్ తీసుకున్న రోగిలో మూడు నెలల దాకా ఎంఆర్ఐ బొమ్మలు మారి కనపడొచ్చని ఆ మందు కాగితంలోనే ఉంది. కణాల్లో దాచిన ఇనుము ఇంకా ఎక్కువకాలం ఉండొచ్చు. అందుకని ట్రయల్‌లో ఉన్న ప్రతి రోగి డిశ్చార్జి కార్డు మీద ఏ ఇనుము, ఎంత, ఏ తేదీన, ఏ దారిలో ఇచ్చారో పెద్ద అక్షరాల్లో రాసివ్వండి. రేపు ఆ మనిషి దేవరకొండలోనో కొల్లాపూర్‌లోనో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే, కాలేయంలోని నలుపును చూసి ఇనుము పేరుకున్న జబ్బని మందులు మొదలుపెట్టకుండా ఆపేది ఆ కార్డే.